బ్లూస్ గిటార్: స్కేల్ వచ్చింది గానీ వాయిస్తే పాటలా లేదు, ఏం చేయాలి?

పెంటా_పిల్లోడు (తిరుపతి)
అందరికీ నమస్తే. ఎ మైనర్ పెంటటోనిక్ (ఐదు స్వరాల స్కేల్) ఐదు బాక్సులూ (మెడ మీద ఆ స్వరాలు పడే ఐదు చోట్లు) చూడకుండా వాయిస్తా. బారే కార్డులు (ఒక వేలు తీగల మీద అడ్డంగా వేసి పట్టేవి) తడబడవు. కానీ ఎ లో 12 బార్ (నాలుగేసి దెబ్బల 12 భాగాలుగా తిరిగే బ్లూస్ చుట్టు) బ్యాకింగ్ ట్రాక్ పెట్టి మొదలుపెడితే సరళీ స్వరాలు పైకీ కిందికీ అప్పజెప్పినట్టే ఉంటోంది. గిటార్ ఎలక్ట్రిక్, స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) మోడల్, తీగలు 9-42 (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), ఆంప్ 15 వాట్ల ట్రాన్సిస్టర్‌ది. ఊర్లో ఉన్న క్లాసులన్నీ సినిమా పాటల కార్డుల దగ్గరే ఆగుతున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత సాధన చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

షఫుల్_సామి (తిరుపతి)
సామీ, ఆ ఐదు బాక్సుల్లో నాలుగు కొన్నాళ్ళు మూసెయ్. 5వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గరి బాక్సు ఒక్కటి చాలు. నీకు స్కేల్ రాక కాదు ఈ తంటా, కింద కార్డు మారిన సంగతి నీ చేతికి తెలియడం లేదు.

ముందు ఇది చెయ్. 3వ తీగ 6వ ఫ్రెట్, 2వ తీగ 8వ ఫ్రెట్ (అన్నిటికన్నా సన్న తీగ 1వది), రెండూ కలిపి మీటు. అవి సి షార్ప్, జి. ఎ7 కార్డులో ఊపిరంతా ఆ రెండు స్వరాల్లోనే ఉంది. ఇప్పుడు రెండు వేళ్ళనీ ఒక్కో ఫ్రెట్ హెడ్ వైపు జరుపు: 5, 7. సి, ఎఫ్ షార్ప్ వచ్చాయి, అది డి7. మళ్ళీ మొదటి చోటికి వచ్చి, అక్కడి నుంచి ఒక ఫ్రెట్ బాడీ వైపు జరుపు: 7, 9. డి, జి షార్ప్, అది ఇ7. అంటే 12 బార్లు మొత్తం మూడు ఫ్రెట్ల జాగాలోనే తిరుగుతున్నాయి.

క్రమం నీకు తెలిసే ఉంటుంది: నాలుగు బార్లు ఎ7, రెండు డి7, రెండు ఎ7, ఒకటి ఇ7, ఒకటి డి7, ఒకటి ఎ7, చివరిది ఇ7. కొన్ని ట్రాకుల్లో 2వ బార్లోనే డి7 వచ్చి 3వ బార్‌కి వెనక్కి పోతుంది. ట్రాక్ మొదలుపెట్టే ముందే ఒక చుట్టు వట్టిగా విని అది ఏ రకమో చూసుకో.

మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ప్రతి బార్లో 2వ, 4వ దెబ్బకి మాత్రం ఆ రెండు స్వరాలూ కొట్టు. లీడ్ (సోలో) వద్దు. అది కళ్ళు మూసుకుని వచ్చాక సోలో మొదలుపెట్టి, 5, 7, 9, 10, 11, 12 బార్ల మొదటి దెబ్బ మీద ఆ కార్డుకి చెందిన రెండింట్లో ఒకదాని మీద దిగు. దారిలో ఏం వాయించినా ఫర్వాలేదు, దిగే చోటు తప్పకూడదు. 9వ బార్లో జి షార్ప్ పట్టుకున్నావంటే వినేవాడికి కార్డు మారిందని బ్యాకింగ్ ట్రాక్ లేకున్నా తెలుస్తుంది. మైనర్ పెంటటోనిక్‌లో ఆ స్వరం లేదు, అందుకే నీ వేలు ఇంతవరకూ అక్కడికి పోలేదు.

తంబురా_తీగ (తిరుపతి)
సామి గారు చెప్పింది సరిగ్గా ఉంది. సంగీతం విన్న చెవికి ఇంకో దారి చెప్తాను.

ఎ ని షడ్జమం అనుకుంటే నీ మైనర్ పెంటటోనిక్ అచ్చంగా శుద్ధ ధన్యాసి: స గ మ ప ని. గాంధారం సాధారణం, నిషాదం కైశికి. బ్లూ నోట్ అని చేర్చేది ప్రతి మధ్యమం. ఎ7 కార్డులో ఉండే సి షార్ప్ అంతర గాంధారం. బ్లూస్ రుచి ఎక్కువగా పుట్టేది సాధారణ, అంతర గాంధారాల నడిమి సందులో. 3వ తీగ 5వ ఫ్రెట్ (సి) నొక్కి కొంచెం, అర స్వరంలో సగమే, నెట్టండి. పూర్తిగా సి షార్ప్ చేరితే తీపి అయిపోతుంది. నెట్టకపోతే ఎ7 మీద ఎండిపోయినట్టు ఉంటుంది.

ఒక జాగ్రత్త. డి7 నడుస్తున్నప్పుడు అదే సి ని నెట్టకూడదు. అక్కడ అది ఆ కార్డుకి సొంత స్వరం, నిటారుగా నిలబడాలి. మనకు షడ్జమం కచేరీ అంతా కదలదు గనక ఈ అలవాటు ఉండదు. బ్లూస్‌లో తంబురా ఎ దగ్గరే ఉన్నా కింద నేల జరుగుతుంది, స్వరానికి మర్యాద మారుతుంది.

తాళం కూడా చెప్పేస్తాను. షఫుల్ అంటే తిశ్ర నడ, దెబ్బకి మూడు అక్షరాలు. త-కి-ట లో 'కి' మింగేసి త, ట మాత్రం పలకండి. 12 బార్లు అంటే 48 దెబ్బలు, అంటే ఆరు ఆది తాళ ఆవర్తనాలు. మొదటి రెండు ఆవర్తనాలు ఎ7. మూడోది డి7, నాలుగోది ఎ7. ఐదోది సగం ఇ7, సగం డి7. ఆరోది సగం ఎ7, సగం ఇ7. చేత్తో తాళం వేస్తూ ట్రాక్ వినండి: డ్రమ్స్‌లో స్నేర్ దెబ్బ చిటికెన వేలికి, మధ్య వేలికి, ద్రుతాల్లో రెండు విసర్జితాలకీ పడుతుంది. మనం మామూలుగా బరువు వేయని చోట్లే అవి. మొదటి దెబ్బకే బరువు వేసి వాయిస్తే ఎన్ని స్వరాలు కుదిరినా భజన నడకలా వినిపిస్తుంది.

పెంటా_పిల్లోడు
అక్కా, ఆరు ఆవర్తనాల లెక్క బ్రహ్మాండం. తాళం వేస్తూ విన్నాక ఎక్కడున్నానో వెతుక్కునే పని తప్పింది. సామన్నా, రెండు స్వరాల పని మొదలుపెట్టా. ఇప్పుడు బెండ్ (తీగని పక్కకి నెట్టి స్వరం పెంచడం) దగ్గర ఇబ్బంది. 3వ తీగ 7వ ఫ్రెట్ ఫుల్ బెండ్ ఒకోసారి చేరుతుంది, ఒకోసారి చేరదు. వదిలేటప్పుడు పక్క తీగ 'టంగ్' మంటుంది.

షఫుల్_సామి
బెండ్ వేలితో చేసేది కాదు. ఉంగరపు వేలు 7 మీద, మధ్య వేలు 6, చూపుడు వేలు 5, మూడూ అదే తీగ మీద ఉండాలి. బొటనవేలు మెడ పై అంచు మీదికి రావాలి. చూపుడు వేలి మొదలు మెడ కింది అంచుకి ఆనించి, మణికట్టుని తాళంచెవి తిప్పినట్టు తిప్పు. వేళ్ళు కీలు దగ్గర విప్పుకుంటా పోయాయంటే మణికట్టు పని చేయడం లేదని అర్థం. అప్పుడే ఒకోసారి చేరి ఒకోసారి చేరదు. 1, 2, 3 తీగలు పైకి నెట్టు, 5, 6 కిందికి లాగు, 4వది నీ ఇష్టం.

'టంగ్' ఎందుకొస్తుందంటే, నెట్టేటప్పుడు 4వ తీగ నీ వేలి గోరు కిందికి దూరుతోంది. తిరిగొచ్చేటప్పుడు అది జారి మోగుతుంది. పక్క తీగని వేలి కొసతో ముందుకు తోసుకుంటా పోవాలి, దాని మీదికి ఎక్కకూడదు. కుడి చేతి అరచెయ్యి అంచు లావు తీగల మీద ఎప్పుడూ ఆనించి ఉంచు. గెయిన్ (ఆంప్‌లో శబ్దాన్ని చిట్లించే నాబ్) ఎక్కువ పెట్టి సాధన చేస్తే ఈ చప్పుడు దాక్కుంటుంది, కాబట్టి క్లీన్ (చిట్లని శబ్దం) మీదే చెయ్.

తంబురా_తీగ
బెండ్ చేరిందో లేదో తెలియడానికి శ్రుతి పెట్టె కన్నా మంచి గురువు లేదు. ఫోన్లో తంబురా యాప్ అయినా సరే, 6 శ్రుతికి (ఎ) పెట్టి, గిటార్ ట్యూనర్‌తో ఒకసారి సరిచూసుకోండి. 3వ తీగ 7 నుంచి ఫుల్ బెండ్ అంటే మధ్యమం పంచమానికి చేరడం. 2వ తీగ 8 నుంచి అయితే నిషాదం షడ్జమానికి. తంబురాలో పంచమం, షడ్జమం రెండూ మోగుతూనే ఉంటాయి కాబట్టి, చేరగానే అలలు కొట్టుకోవడం ఆగి రెండూ కలిసిపోతాయి. చేరాక నాలుగు దెబ్బలు కదలకుండా నిలబెట్టండి. దించేటప్పుడు కూడా మధ్యమం దగ్గర ఖచ్చితంగా ఆగాలి.

ఇంకొకటి. గిటార్ మీద వేలితో స్వరాన్ని పైకే నెట్టగలం, కిందికి దించలేం. మన గమకంలో కంపితం స్వరానికి రెండు వైపులా ఊగే అలవాటుతో వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) మొదలుపెడితే స్వరం ఎప్పుడూ కాస్త పైనే ఉండిపోతుంది. ప్రతి ఊపులోనూ అసలు స్వరాన్ని తాకి రావాలి.

షఫుల్_సామి
అక్కా, ఒప్పుకుంటా, కానీ ఒక మాట. ఇక్కడ కర్ణాటకం నేర్చుకున్న పిల్లోళ్ళు గిటార్ పడితే ప్రతి స్వరాన్నీ ఊపుతారు. బ్లూస్‌లో ఊపు వాక్యం చివరి స్వరానికి దాచుకోవాలి. ముందు స్వరం నిటారుగా వచ్చి, ఒక క్షణం ఆగి, తర్వాతే వైబ్రాటో మొదలవ్వాలి. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ ఒక్క స్వరం కొడితేనే ఆయనని పోల్చుకునేది దీనివల్లే: చూపుడు వేలు తీగ మీద, బొటనవేలు మెడని వదిలేసి, చెయ్యంతా ఆడుతుంది. తమ్ముడు మాత్రం కొలతతో మొదలుపెట్టాలి. మెట్రోనోమ్ 60, దెబ్బకి మూడు ఊపులు, అంటే మళ్ళీ త-కి-ట. ఊపులు సమానంగా వచ్చాక మెట్రోనోమ్ తీసెయ్.

తంబురా_తీగ
ప్రతి స్వరాన్నీ ఊపడం కర్ణాటకంలోనూ తప్పేలెండి :) షడ్జ పంచమాలు అక్కడా ఊగవు.

సోల్డర్_చిత్తూరు (చిత్తూరు)
చేతుల సంగతి వాళ్ళిద్దరూ చూసుకుంటారు, నేను చెక్క, కరెంటు సంగతి చెప్తా.

తమ్ముడూ, స్ట్రాట్ మోడల్ అన్నావు. 1వ తీగ 12వ ఫ్రెట్ దాటాక బెండ్ చేస్తే శబ్దం మధ్యలో చచ్చిపోతోందా చూడు. అట్లయితే నీ వేలి తప్పు లేదు. ఫింగర్‌బోర్డు అడ్డంగా గుండ్రంగా ఉంటుంది, తీగని పక్కకి నెడితే అది ఎత్తైన నడుము మీదికి పోయి ముందున్న ఫ్రెట్‌కి తగులుతుంది. 7.25 అంగుళాల రేడియస్ (ఆ గుండ్రం కొలత, అంకె తగ్గితే వంపు ఎక్కువ) ఉన్న పాత తరహా మెడల్లో ఇది ఎక్కువ, 9.5, 12 లో తక్కువ. స్టీల్ స్కేల్ తీసుకుని 12వ ఫ్రెట్ మీద కొలువు: 6వ తీగ కింద 2 మిల్లీమీటర్లు, 1వ తీగ కింద 1.6 ఉంటే మామూలు. చచ్చిపోతుంటే 1.8 కి ఎత్తు. అల్లెన్ కీతో శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) స్క్రూలు రెండూ సమానంగా తిప్పాలి. తర్వాత ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ స్వరం శ్రుతిలో ఉందో లేదో) సరిచూడు.

బెండ్ చేసి వదిలాక తీగ శ్రుతి దిగిపోతే మొదట అనుమానించాల్సింది నట్ (మెడ పై కొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ). ట్యూన్ చేసేటప్పుడు 'టిక్' మని చప్పుడొస్తే తీగ గాడిలో పట్టుకుంటోందన్నమాట. తీగ వదులు చేసి గాడిలో 2బి పెన్సిల్ గీయి, ఆ గ్రాఫైట్ చాలు. ట్యూనర్ కంబం చుట్టూ సన్న తీగలు మూడు చుట్లు మించకుండా చూడు. కొత్త తీగలు వేసినరోజు ఒక్కోదాన్ని 12వ ఫ్రెట్ దగ్గర మెల్లగా ఎత్తి లాగి, మళ్ళీ ట్యూన్ చేసి, శ్రుతి దిగడం ఆగేదాకా చెయ్యి.

మన ఎండలకి చేతి చెమట చానా. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగల పైనా, కిందా తుడవకపోతే త్వరలోనే గరుకు పడతాయి. తుప్పు పట్టిన తీగ మీద బెండ్ జారదు, వేలు కోస్తుంది. ఇంకో మాట: కొండకి పోతా అలిపిరి దగ్గర కారు ఎండలో పెట్టి గిటార్ లోపల వదిలేయొద్దు. ముఖ్యంగా అకౌస్టిక్ అయితే ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేస్తుంది.

పెంటా_పిల్లోడు
అన్నా, 1వ తీగ కింద 1.4 ఉంది! 12వ ఫ్రెట్ పైన చచ్చిపోవడం కూడా నిజమే. ఎత్తుతా. తీగలు 9 నుంచి 10 కి మార్చాలా? బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 వాడాడంటారు కదా.

సోల్డర్_చిత్తూరు
వాడాడు, కానీ గిటార్‌ని అర స్వరం దించి ఇ ఫ్లాట్‌లో పెట్టి. సగం కథ పట్టుకుని 13 వేసి వేళ్ళు పాడుచేసుకునేవాళ్ళు ఉన్నారు. 10-46 వేయి. కొంచెం బిగువు ఉంటుంది, బెండ్ గురి దాటిపోదు, షఫుల్ కొట్టేటప్పుడు తీగ వదులుగా ఆడదు. 9 నుంచి మారినందుకు బిగువు పెరిగి మెడ కాస్త ముందుకి వంగొచ్చు. 1వ ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కి మధ్యలో ఖాళీ చూడు, పావు మిల్లీమీటరు ఉంటే చాలు. ఎక్కువైతే ట్రస్ రాడ్ (మెడ లోపలి వంపు సరిచేసే కడ్డీ) ఒకేసారి పావు చుట్టు మించి తిప్పొద్దు.

షఫుల్_సామి
9 మీద కూడా బ్లూస్ బాగానే వస్తుంది, ఒత్తిడి లేదు. తేలిక తీగ మీద చెవి ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అంతే. సోల్డరన్నకి లావు తీగలంటే కాస్త భక్తి.

సోల్డర్_చిత్తూరు
భక్తే. ఆంప్ సంగతి: గెయిన్ నువ్వనుకున్న దాంట్లో సగం పెట్టు. మెల్లగా మీటితే క్లీన్‌గా, గట్టిగా మీటితే కాస్త చిట్లాలి, ఆ గీత మీద ఉండాలి. నెక్ పికప్ (తీగల కింద శబ్దం పట్టే ముక్కల్లో మెడ వైపుది), గిటార్ వాల్యూమ్ 6 దగ్గర రిథమ్, లీడ్‌కి 10. ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉంటే నాబ్‌ని గడియారం ముల్లు అనుకుని డ్రైవ్ తొమ్మిది గంటల దగ్గర, లెవెల్ రెండు గంటల దగ్గర. మిడ్ తగ్గించొద్దు, మెటల్ వాళ్ళ సెట్టింగు అది. రెవర్బ్ కొద్దిగా.

సింగిల్ కాయిల్ పికప్ మోత మన 50 హెర్ట్జ్ కరెంటుది, పూర్తిగా పోదు. గిటార్‌ని అటూ ఇటూ తిప్పి తక్కువ మోగే దిక్కు చూసుకుని కూర్చో. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ది అయితే సగం స్పీడులో గీ మంటుంది. ఫుల్ పెట్టు, లేదా ఆపు. ముఖ్యమైనది: చానా ఇళ్ళల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ ఎర్త్ తీగ ఉండదు. తీగలు ముట్టుకుంటే జిల్లుమందంటే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించు. మోత పోతుందని ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణం మీదికి తెస్తుంది, ఆ సలహా ఎవరిచ్చినా వినొద్దు.

కొత్తతీగ (చంద్రగిరి)
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాది అకౌస్టిక్, తీగలు 12. 3వ తీగ బెండ్ అస్సలు కదలడం లేదు. ఎలక్ట్రిక్ కొనేదాకా బ్లూస్ మానుకోవాలా?

సోల్డర్_చిత్తూరు
అక్కర్లేదు. అకౌస్టిక్ సెట్లో 3వ తీగకి చుట్టు ఉంటుంది, ఎలక్ట్రిక్‌లో అది వట్టి తీగ. అందుకే కదలదు. 10 లేదా 11 సెట్ వేసుకో, ఫుల్ బెండ్లు 2వ తీగ మీద చెయ్, 3వ తీగ మీద అక్క చెప్పిన పావు బెండ్ చాలు.

షఫుల్_సామి
చెల్లీ లేదా తమ్ముడూ, అకౌస్టిక్ మీద రిథమ్ నేర్చుకో ముందు. పాత తరం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 37ల్లో రికార్డు చేసిన 29 పాటలూ ఒక్క అకౌస్టిక్ మీదే. ఎ కి 5వ తీగ ఖాళీ, 4వ తీగ 2వ ఫ్రెట్, రెండు సార్లు. తర్వాత 4వ తీగ 4వ ఫ్రెట్, రెండు సార్లు. డి7 కి అదే పని 4, 3 తీగల మీద. ఇ7 కి 6, 5 తీగల మీద. కుడి అరచెయ్యి బ్రిడ్జ్ మీద ఆనించి, అన్నీ కింది దెబ్బలే. మొదటిది పొడుగు, రెండోది పొట్టి.

పలమనేరు_స్లైడ్ (పలమనేరు)
అకౌస్టిక్ చేతిలో ఉంటే స్లైడ్ (తీగల మీద గొట్టం జార్చి వాయించడం) కూడా ప్రయత్నించొచ్చు. ఓపెన్ జి: 6వ తీగ డి కి, 5వది జి కి, 1వది డి కి దించండి, మిగతావి అట్లనే. ఖాళీగా మీటితే జి, 5వ ఫ్రెట్ సి, 7వ ఫ్రెట్ డి, 12 బార్ అయిపోయింది. గాజు గొట్టం చిటికెన వేలికి. ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా నెత్తిన ఆగాలి, వెనక ఆగితే స్వరం తక్కువ. తీగని ఫ్రెట్‌కి తగిలేలా నొక్కొద్దు. గొట్టం వెనక చూపుడు వేలు తేలిగ్గా ఆనించండి, లేకపోతే చెత్త మోతలు. గోటువాద్యం (చిత్రవీణ) విన్న చెవికి ఇది త్వరగా పడుతుంది.

పెంటా_పిల్లోడు
10-46 వేశా, 1.8 పెట్టా, 12వ ఫ్రెట్ మీద కూడా బెండ్ బతికింది. కార్డు మారినప్పుడు దిగే చోటు కూడా సుమారుగా పడుతోంది. కానీ రికార్డు చేసి వింటే ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాడిలా ఉన్నా. మధ్యలో ఆగితే ఖాళీగా ఉందేమో అని భయం.

షఫుల్_సామి
అదే అసలు రోగం. దీనికి మందు పాట నిర్మాణంలోనే ఉంది. 12 బార్లు మూడు వరుసలు. మొదటి వరుస పాడతారు, అదే మళ్ళీ పాడతారు, మూడోది జవాబు. ఒక్కో వరుసలో నాలుగు బార్లు, పాట సుమారు రెండు బార్లలో అయిపోతుంది, మిగతా రెండు గిటార్‌వి. బి.బి. కింగ్ పాడుతూ వాయించేవాడు కాదు. నోరు ఆగాక చెయ్యి కదిలేది.

నువ్వు 3-4, 7-8, 11-12 బార్లలో మాత్రమే వాయించు. 1-2, 5-6, 9-10 లో చేతులు తీసి కాలుతో దెబ్బ వెయ్, నోటితో ఏదో ఒక తెలుగు మాట ఆ వరుసలో పాడు. తర్వాత వాయించేది ఆ మాటకి బదులుగా ఉండాలి. స్వరాలు నాలుగే: 1వ తీగ 5, 2వ తీగ 8, 5, 3వ తీగ 7. వాక్యాన్ని మొదటి దెబ్బ మీద మొదలుపెట్టొద్దు, ఒక దెబ్బ ఆగి ఎత్తుకో. మొదటి వాక్యం రెండోసారి అట్లనే వాయించి చివరి స్వరం ఒక్కటి మార్చు.

ఇది నిలబడ్డాక 10వ ఫ్రెట్ దగ్గర ఇంకో చిన్న ఇల్లు చూపిస్తా: 2వ తీగ 10 ఎ, అదే నీ ఇంటి స్వరం. 3వ తీగ 11, 2వ తీగ 12, 1వ తీగ 10, 12. 2వ తీగ 12 ని అర స్వరం నెడితే సి, ఫుల్ నెడితే సి షార్ప్. ఒకే చోట దుఃఖం, నవ్వు రెండూ దొరుకుతాయి. బి.బి. కింగ్ ఎక్కువ కాపురం ఇక్కడే.

తంబురా_తీగ
అంటే శుద్ధ ధన్యాసి నుంచి మోహనం వైపు తలుపు. రెండూ ఒకే వాక్యంలో కలపొచ్చు, కానీ డి7 మీద అంతర గాంధారం పట్టుకుని కూర్చోకండి.

పెంటా_పిల్లోడు
సరే అన్నా. చివరి రెండు బార్లకి ఏదైనా కట్టుడు ముక్క చెప్పు, అక్కడ ఎప్పుడూ తడబడతా.

షఫుల్_సామి
11వ బార్ మొదటి దెబ్బకి ఖాళీ 5వ తీగ. 2వ దెబ్బకి 4వ, 2వ తీగలు రెండూ 5వ ఫ్రెట్ మీద, త-కి-ట మూడుసార్లు. 3వ దెబ్బకి రెండూ 4వ ఫ్రెట్, 4వ దెబ్బకి 3వ ఫ్రెట్, అట్లనే మూడేసి. 12వ బార్ మొదటి దెబ్బకి రెండూ 2వ ఫ్రెట్, ఒక్కసారి. తర్వాత ఎఫ్7 నుంచి ఇ7 కి జారి 3వ దెబ్బకి ఆగు. మధ్యలో 3వ తీగ మోగకుండా చూపుడు వేలి కడుపు ఆనించు, లేదా పిక్ ఒకదానికి, మధ్య వేలు ఒకదానికి వాడు.

పాట ముగించేటప్పుడు 12వ బార్లో ఇ7 బదులు బి ఫ్లాట్ 9 కొట్టి ఎ9 లోకి ఒక ఫ్రెట్ దిగు. 5వ తీగ మీద వేరు (కార్డు పేరున్న స్వరం) ఉన్న ఆకారం, 13 నుంచి 12 కి. ఆ చివరి ఎ9 కొట్టాక రెండు బార్లు చెయ్యి తీయొద్దు, మోగనీ.